ప్రవీణ్ పేరు చేరని జాబితా

మీరు నమ్మని పక్షాన నిలబడి గట్టిగా వాదించి, ఎదుటి మనిషిని ఎప్పుడైనా ఓడించారా? తొందరపడి లేదనకండి. కాలేజీ వక్తృత్వ పోటీలో కప్పు కోసమో, ఆఫీసు మీటింగులో పైవాళ్ళ మెప్పు కోసమో ఒక్కసారైనా చేసే ఉంటారు. నేను చేశాను. చేసి, చాలాకాలం దాన్ని నా విద్య అనుకున్నాను.

పోయిన నెల, ఇప్పుడు నేనుంటున్న ఎష్‌బోర్న్‌లో, మా పోస్టు డబ్బాలోకి నల్ల అంచు కవరు ఒకటి వచ్చింది. ఫ్రౌ క్లైన్, మన మాటలో క్లైన్ గారు, పోయారని ఆవిడ కూతురు రాసింది. కరోనా కాలమంతా జీగెన్‌లో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆవిడ. చీరాలలో లెక్చరరు ఉద్యోగం వదిలి, ముప్పై దాటాక పరిశోధన పేరుతో జర్మనీ వచ్చిన నాకు ఆ ఇల్లే మొదటి ఇల్లు. నా యవ్వనం ఎక్కడ ముగిసిందని ఎవరైనా అడిగితే ఆ ఇంటి పెరడు చూపిస్తాను. కవరు చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడితే, ఆ పెరట్లో వాన తగ్గాక లేచే తడిమట్టి వాసన ముక్కుకు తగిలినట్టే అనిపించింది. వాసనలకు జ్ఞాపకశక్తి ఉండదు, మెదడుకే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా కళ్ళు తడిశాయి.

జీగెన్‌ది కొండల ఊరు, వానల ఊరు. బస్సు దిగి మా వీధి ఎక్కేసరికి మోకాళ్ళు మాట్లాడేవి. కింది వాటాలో ఫ్రౌ క్లైన్ ఒక్కరే, పైవాటాలో మేం ముగ్గురం. నాతోపాటు నరసాపురం పక్క పల్లె నుంచి వచ్చిన ఎస్తేరు, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ప్రవీణ్. ఇద్దరూ నాకంటే బాగా చిన్నవాళ్ళు, నన్ను అక్కా అనేవాళ్ళు. ఒకే వాటాలో మగపిల్లాడు కూడా ఉంటున్నాడని ఎస్తేరు ఇంట్లో చెప్పలేదు. వాళ్ళమ్మ వీడియో కాల్ చేస్తే ప్రవీణ్ వంటింట్లోంచి నేల మీద పాక్కుంటూ బయటికి పోయేవాడు. మెట్ల దగ్గర రెండు వాసనలు కలిసేవి. కింది నుంచి కాఫీ, ఉతికిన బట్టల సబ్బు. పైనుంచి మా అల్లం వెల్లుల్లి. హీటరు మీద ఆరేసిన గుడ్డ మాస్కులకు కూడా తాలింపు పట్టేసేది. "మాస్కు పెట్టుకుంటే చాలక్కా, ఆకలేసేత్తంది" అనేది ఎస్తేరు. భోజనానికి ముందు ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. దేవుడు వండలేదు, నేను వండాను అని నేను రోజూ గుర్తు చేసేదాన్ని. "నీ చేత వండించాడు కదక్కా, నీకన్నా మొండోళ్ళు ఎవరున్నారని" అని ఆమె రోజూ జవాబిచ్చేది.

ఫ్రౌ క్లైన్‌కు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే, ఎదురొచ్చినవాణ్ణి గుద్ది పడేసే అమెరికన్ ఆట. ఆవిడ భర్త కుర్రతనంలో స్టుట్‌గార్ట్ దగ్గర పనిచేస్తూ అక్కడున్న అమెరికన్ సైనికుల దగ్గర అది నేర్చుకుని, జీగెన్ తిరిగొచ్చాక స్నేహితులతో కలిసి చిన్న క్లబ్బు పెట్టాడు. ఆయన పోయినా క్లబ్బు జెర్సీలన్నీ ఆవిడ సెల్లార్‌లోనే ఉతికేవారు. ఊడిన నంబర్లు ఆవిడే కుట్టేవారు. శనివారం మైదానం పక్కన మడత కుర్చీలో కూర్చుని అరవడం కోసమే మిగతా ఆరు రోజులు బతికేదాన్నని ఆవిడే ఒకసారి చెప్పారు. కరోనా వచ్చింది, మైదానం గేటుకు తాళం పడింది. ఉతకడానికి జెర్సీలు లేవు. ఆ వారాల్లో ఆవిడ శుభ్రంగా ఉన్న జెర్సీలనే మళ్ళీ ఉతకడం నేను చూశాను.

ఆ వసంతంలో ఎక్కడా ఆట లేదు. మళ్ళీ ఎప్పుడుంటుందో చెప్పగలిగినవాడు లేడు. అయినా అమెరికాలో ఏటా జరిగే ఎంపిక మాత్రం జరగబోతోంది. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళను పెద్ద జట్లు వంతులవారీగా ఏరుకుంటాయి. కిందటేడు అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు. ఈ నియమం విన్న రోజే నాకు ఆ ఆట మీద గౌరవం పుట్టింది. ఓడినవాడికి ముందు వంతు ఇవ్వాలన్న మాట మన దేశంలో ఆటల గురించి కాక చదువుల గురించి, కొలువుల గురించి అని చూడండి, పెద్దమనుషుల మొహాలు ఎలా మారతాయో. ఎవరిని ఏరుకోవాలన్నది వారాల తరబడి నడిచే తగువు. ఫ్రౌ క్లైన్ ఆ తగువు పెట్టుకునే స్నేహితులంతా ముసలివాళ్ళు, ఇళ్ళు దాటి రాలేని స్థితి. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పెరట్లో నాలుగు కుర్చీలు వేసి, భర్త వాడిన మడత కొలబద్దతో కుర్చీకీ కుర్చీకీ మధ్య మీటరున్నర కొలిచి, మమ్మల్ని కిందికి పిలిచారు. మాకు ఆట తెలియదంటే, "నాకూ మొదట తెలియదు, పెళ్ళిచేసుకున్నాక తెలిసింది. మీకు అంత కష్టం లేదు, కేకు తింటే చాలు" అన్నారు.

అలా మొదలైంది. నెల తిరిగేసరికి మా ప్రవీణ్ అమెరికా కాలేజీ కుర్రాళ్ళ చేతుల వెడల్పు, పరుగు వేగం వల్లె వేస్తున్నాడు. ఎంపిక కార్యక్రమం మనకు నిద్రపోయే వేళ వస్తుంది కాబట్టి మర్నాడు మధ్యాహ్నం రికార్డింగు చూడాలని, అప్పటిదాకా ఎవరూ ఫోన్ ముట్టకూడదని ఫ్రౌ క్లైన్ ఆజ్ఞ. ప్రవీణ్ ముట్టాడు. వాడి మొహం చూస్తూనే ఆవిడ కనిపెట్టేశారు. శిక్షగా పెరట్లో గడ్డి కోయించారు.

తగువులు కేకలైపోతుంటే వాటికి ఒక పద్ధతి పెట్టింది నేను. మా నాన్న లెక్కల మాస్టారు. ఆదివారాలు మా వసారాలో చర్చావేదిక నడిపేవారు. వితంతు వివాహం దగ్గర్నుంచి వీధి కుళాయి దాకా అక్కడ తేల్చని విషయం లేదు. బెంచీల మీద చోటు చాలక ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలో కూర్చుంటే, వాళ్ళు మాట్లాడందే సభ ముగించనని ఆయన పట్టుబట్టేవారు. అక్కడ రెండు నియమాలుండేవి. ఖండించే ముందు ఎదుటివాడి వాదాన్ని వాడు ఔననేలా తిరిగి చెప్పాలి. రెండోది చీటీలు. ప్రతివాడూ డబ్బాలోంచి ఒక చీటీ తీస్తాడు. కొన్నిటి మీద 'అవును' అని, కొన్నిటి మీద 'వద్దు' అని ఉంటుంది, కొన్ని ఖాళీ. చీటీలో ఉన్న పక్షాన్నే వాదించాలి. ఖాళీ చీటీ వస్తే సొంత అభిప్రాయం చెప్పుకోవచ్చు. ఎవరికి ఏది వచ్చిందో ఆ రోజే కాదు, ఎన్నటికీ చెప్పకూడదు. మనిషిని చూసి కాక వాదాన్ని చూసి తేల్చుకోవాలన్నది నాన్న ఆశయం. కులం చూసి, వయసు చూసి, మీసం చూసి తలలూపే ఊళ్ళో అది చిన్న ఆశయం కాదు. పదేళ్ళ వయసులో మూఢనమ్మకాల పక్షాన చీటీ వస్తే ఏడుస్తూ వాదించి గెలిచాను. నాన్న ఆ రోజు నా తల నిమిరారు.

ఫ్రౌ క్లైన్‌కు చీటీలు తెగ నచ్చాయి. కాఫీ డబ్బా ఒకటి ఖాళీ చేసిచ్చారు.

"అక్కా, గా పోరడు వద్దే వద్దు," అనేవాడు ప్రవీణ్, ఎవరో దూరదేశపు కుర్రాడి గురించి. "ఉరుకుడైతే ఉరుకుతడు గని, చేతులల్ల బంతి నిలుస్తలేదు. వెన్న రాస్కొని వచ్చిండా ఏంది?"

"పాపం, కాలేజీలో వానలో ఆడాడంట కదా," అనేది ఎస్తేరు. "నువ్వు నిన్న అంట్లు తోముతా మూడు గ్లాసులు పగలగొట్టావు. నిన్నెవరైనా ఇంట్లోంచి తీసేశారా?"

"నియమం, ఎస్తేరూ! ముందు వాడన్నది తిరిగి చెప్పు."

"చెప్తన్నానక్కా. వెన్న అన్నాడు. విన్నాను. ఒప్పుకోను."

ఫ్రౌ క్లైన్ నవ్వి నవ్వి కేకు ముక్క పొలమారి దగ్గితే, ఆ రోజుల్లో దగ్గంటే ఏమిటో తెలుసు కదా, ముగ్గురం ఒక్కసారిగా కుర్చీలు వెనక్కి జరిపేవాళ్ళం. ఆవిడ ఇంకా నవ్వేవారు. బయట లోకంలో ఆసుపత్రులు నిండిపోతున్నాయి, ఊళ్ళో ఎవరికి ఏమైందోనని మేం ముగ్గురం ఫోన్లు పట్టుకుని వణికిన రోజులవి. అవే రోజుల గురించి ఇప్పుడిలా బెంగపడుతున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ నిజం. వారానికి ఒక మధ్యాహ్నం, నలుగురు మనుషులు, ఒకరి మాట ఒకరు పూర్తిగా విన్నారు. ఆ తర్వాత నా జీవితంలో అది అంత నిండుగా మళ్ళీ జరగలేదు.

రెండో వసంతానికి ప్రవీణ్ నీరసించిపోయాడు. పనిచేసే రెస్టారెంటు మూతపడింది. ల్యాబు మూసి ఉండటంతో థీసిస్ ఆగింది. వీసా పొడిగింపుకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకదు. పొద్దున లేచి ఆఫీసు వెబ్‌సైటు చూసి, లేదని తెలుసుకుని, మళ్ళీ పడుకునేవాడు. ఆదివారం మాత్రం స్నానం చేసి కిందికొచ్చేవాడు. అప్పుడే క్లబ్బుకు లీగు నుంచి ఉత్తరం వచ్చింది. ఆటలు మళ్ళీ మొదలవచ్చు, మొదలవకపోవచ్చు. ఏదేమైనా ఈ నెలాఖరుకల్లా కనీస సంఖ్యలో ఆటగాళ్ళ పేర్లతో జాబితా పంపని క్లబ్బుకు వచ్చే సీజన్లో చోటుండదు. ఆడేవాళ్ళలో సగంమంది ఉద్యోగాలు పోయి ఊళ్ళు మారారు. ఫ్రౌ క్లైన్ ఆ ఉత్తరాన్ని మాకు రెండుసార్లు చదివి వినిపించారు.

మేం అమెరికా కుర్రాళ్ళను వదిలేసి జీగెన్ మీద పడ్డాం. పార్సెళ్ళు తెచ్చే బల్గేరియా అతని నుంచి బేకరీలో పొడుగాటి అబ్బాయి దాకా ఎవరు పనికొస్తారని లెక్కలు వేశాం. ఒక ఆదివారం ప్రవీణ్ తనంతట తానే లేచి, "నేను జిల్లా దాక కబడ్డీ ఆడిన," అన్నాడు. ఫ్రౌ క్లైన్‌కు కబడ్డీ అంటే తెలియదు. వాడు పెరట్లో గీత గీసి, కూత పెడుతూ వెళ్ళి, మా ముగ్గురి కుర్చీలు తాకి, నడుము తిప్పి, నా చెయ్యి తప్పించుకుని ఊపిరి ఆగకుండా గీత దాటాడు. ఏడాదిగా పడకకు అతుక్కున్న మనిషి అని ఎవరూ అనరు. ఫ్రౌ క్లైన్ లేచి నిలబడి, "ఆ అడుగులు! మా ఆయన ఉంటే ఈపాటికి సంతకం పెట్టించేవాడు" అన్నారు. వాడికి తెలిసిన మరో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళున్నారు, కబడ్డీవాళ్ళే. ప్రవీణ్ వెళ్తే మేమూ వస్తామన్నారు.

పెద్ద నిర్ణయం కదా, వచ్చే ఆదివారం పద్ధతి ప్రకారం తేల్చుకుందామన్నది నేనే. ఎవరూ అడగలేదు. నాకే ముచ్చటేసింది. ప్రవీణ్ జాబితాలో ఉండాలా? అదే ప్రశ్న. వాడు వినేవాడు, మేం ముగ్గురం చెప్పేవాళ్ళం. నా చీటీ విప్పితే 'వద్దు' అని ఉంది.

ఆ వారమంతా నేను కోరుకున్నది వాడు వెళ్ళాలనే. వాడి షూస్ మురికి కడిగి ఎండలో పెట్టింది కూడా నేనే. కానీ చీటీ చీటీయే. వాడి పక్షం ముందు ఎస్తేరు మాట్లాడింది. "వాడు నవ్వి ఎన్నాళ్ళయిందక్కా. ఆ గీత గీసినప్పుడు నవ్వాడు. అంతే నా పాయింటు" అని కూర్చుంది. ఫ్రౌ క్లైన్ తన జట్టు సంగతి, భర్త సంగతి కలిపి ఏదో అన్నారు. నేను లేచి ఇద్దరి వాదాలూ వాళ్ళకంటే బాగా తిరిగి చెప్పి, ఒక్కొక్కటీ విరిచాను. బరువు చాలదన్నాను. దెబ్బ తగిలితే చదువు ఇంకో ఏడాది పోతుందన్నాను. కబడ్డీలో ఒంటరిగా వెళ్ళి రావడమే నేర్చావు, ఇక్కడ పదిమంది పన్నాగంలో ఒకడివై కదలాలన్నాను. అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. జర్మన్ క్లాసు మొదలుపెట్టి మానేశాడు, ఉద్యోగాల దరఖాస్తులు మొదలుపెట్టి మానేశాడు, ఇది మూడోది అన్నాను. ఆ రెండూ వాడు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా నాకొక్కదానికే చెప్పుకున్న సంగతులు.

ఎస్తేరు కేకు పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. కుర్చీలు మడుస్తుంటే ప్రవీణ్ నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఒక్కటి అడుగుత. నీకు ఖాళీ చీటీనే వచ్చిందా?"

"అది అడగకూడదు, ప్రవీణ్."

"నియమం నాకు ఎర్కనే. అయినా అడుగుతున్న."

"నేనేమనుకుంటున్నానో నీకెందుకు? వాదంలో బలముందా లేదా, అది చూసుకో."

వాడు తలూపాడు. "బలమైతే ఉన్నది," అన్నాడు.

వాడు మైదానానికి వెళ్ళలేదు. మిగిలిన ఇద్దరు కుర్రాళ్ళూ వెళ్ళలేదు. నెలాఖరుకు జాబితా మూడు పేర్లు తక్కువైంది. క్లబ్బును ఎత్తేశారు. ఫ్రౌ క్లైన్ నన్ను ఒక్క మాట అనలేదు. జెర్సీలను అట్టపెట్టెల్లో సర్దడానికి మమ్మల్ని పిలిచారు, సాయం చేశాం, కాఫీ ఇచ్చారు. ఆదివారాలు కుర్చీలు వేయడం మాత్రం మానేశారు. వేసవిలో ఎస్తేరుకు ఉద్యోగం వచ్చి వెళ్ళింది. ప్రవీణ్ ఎలాగో థీసిస్ ముగించి స్టుట్‌గార్ట్ చేరాడు. పండగలకు ఫోన్లు, తర్వాత ఫోన్లో బొమ్మలు, తర్వాత అవీ తగ్గిపోయాయి.

అప్పటికీ ఇప్పటికీ పోల్చుకుంటే నాకు కోపమొస్తుంది. ఇప్పుడు నా ఫోన్లో తెలుగువాళ్ళ గ్రూపులు పదకొండు ఉన్నాయి. కీటా అనే పిల్లల డేకేర్‌లో సీటు దగ్గర్నుంచి దేశభక్తి దాకా రోజంతా యుద్ధమే. ఎదుటివాడు అన్నది తిరిగి చెప్పమంటే ఒక్కడూ చెప్పలేడు, ఎందుకంటే ఒక్కడూ చదవలేదు. నాన్న మొదటి నియమాన్ని ఈ దేశంలో, ఆ దేశంలో గోడల మీద రాయాలని నేనిప్పటికీ అంటాను. రెండో నియమం సంగతే నన్ను ఇన్నాళ్ళూ నిద్రపోనివ్వలేదు. వితంతు వివాహం మీద చర్చకు అది కత్తి లాంటిది. మన ఎదురుగా కూర్చున్న ఒక మనిషి రేపేం చేయాలన్నదాని మీద దాన్ని వాడకూడదు. మా నాన్న వాడేవారు కాదు. వసారాలో అంత సభ నడిపిన మనిషి, నా చదువు సంగతి వచ్చినప్పుడు చీటీలు తీయలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు వెళ్ళాలని నాకుందమ్మా" అన్నారు. అదెందుకో నాకు ఆ పెరట్లో గుర్తు రాలేదు.

ఫ్రౌ క్లైన్ అంత్యక్రియలకు జీగెన్ వెళ్ళాను. సన్నగా వాన. తర్వాత ఇక్కడి ఆచారం ప్రకారం అందరికీ కాఫీ, కేకు పెట్టారు. ప్రవీణ్ వచ్చాడు, మూడేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని. కాస్త ఒళ్ళు చేశాడు. ఎస్తేరు రాలేకపోయింది, ఆవిడ కోసం ప్రార్థన చేస్తున్నానని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఈసారి నేనేమీ అనలేదు. గోడ మీద పాత క్లబ్బు ఫోటోలు పెట్టారు. హెల్మెట్లు చూసి పిల్లాడి కళ్ళు మెరిశాయి. "నాన్నా, నువ్వూ ఆడావా?" అని జర్మన్‌లో అడిగాడు.

"లేదు బిడ్డా," అన్నాడు ప్రవీణ్ తెలుగులో, నన్ను చూసి నవ్వుతూ. "నేను గా ఆటకు పనికిరానని అత్తమ్మ అప్పుడే తేల్చింది."

ఆ నవ్వులో విషం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

"ప్రవీణ్, ఆ రోజు నాకు వచ్చింది ఖాళీ చీటీ కాదు. 'వద్దు' అని వచ్చింది. నాకు నువ్వు వెళ్ళాలనే ఉండేది. ఉల్లిపాయల దగ్గర నువ్వు చెప్పుకున్నవి నేను అనాల్సింది కాదు."

వాడు కాఫీ కప్పు కింద పెట్టాడు. "గది నాకు ఎర్కనే అక్కా."

"ఎలా?"

"సొంత ముచ్చటైతే నువ్వు గంత సక్కగ మాట్లాడవు. కోపమొస్తది, తడబడ్తవు, నడుమల ఆపేస్తవు. ఆ రోజు నువ్వు ఒక్క తాన గూడ తడబడలే."

"తెలిస్తే మరి ఎందుకు వెళ్ళలేదురా?"

"నువ్వు వచ్చి ఒక్క మాట అంటవని సూసిన," అన్నాడు. "ఆ వారం దినాలు రోజు పొద్దుగూకే దాక కింది మెట్టు మీదనే కూసున్న."

అప్పటికే పిల్లాడు వాడి చెయ్యి పట్టి ఫోటోల వైపు లాగుతున్నాడు. వాడు వెళ్ళి, కొడుకును ఎత్తుకుని, ఒక్కొక్క ఆటగాడి పేరూ, వాడి స్థానమూ, వాడి పనీ చెప్పసాగాడు. ఫ్రౌ క్లైన్ ఆ ఆదివారాల్లో చెప్పినవి ఒక్కటీ మర్చిపోలేదు.

మీరు ఓడించిన మనిషి పేరు ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటుంది. వాదం మీది గొప్పదే, కాదనను. కానీ ఆ మనిషి విషయంలో మీరు నిజంగా ఏమనుకున్నారో అది మీ దగ్గరే ఉండిపోయింది. అది మీది కాదు, అతనిది. ఈ పుస్తకం పక్కన పెట్టండి. ఫోన్ తీయండి. తడబడుతూనే చెప్పండి. రేపని వాయిదా వేయకండి, ఇప్పుడే.